లెమాన్ సరస్సు - దాని తీరాన వెలసిన విజ్ఞానం

ఐరోపా ఖండం నడుమ ఆల్ప్సు పర్వతాలకు, జూరా పర్వతాలకు మధ్య నెలవంక ఆకారంలో ఒక పెద్ద సరస్సు ఉన్నది. ఆంగ్ల భూగోళ గ్రంథాలలో దీనిని జినీవా సరస్సు అంటారు. ఆ దేశవాసులు మాత్రం లెమాన్ అని పిలుస్తారు. ఉత్తర తీరం స్విట్జర్లాండుకు, దక్షిణ తీరంలో అధిక భాగం ఫ్రాన్సుకు చెందుతాయి. దీని పొడవు సుమారు 70 కిలోమీటర్లు, వైశాల్యం సుమారు 580 చదరపు కిలోమీటర్లు. అత్యధికమైన లోతు 310 మీటర్లు. నీటిమట్టం సముద్రమట్టానికి 372 మీటర్ల ఎత్తున ఉంటుంది. తూర్పు కొసన రోన్ నది కొండలలోని మంచునీటిని, మట్టిని మోసుకొని వచ్చి సరస్సులో పడుతుంది. పడమటి కొసన జినీవా నగరం వద్ద అదే నది తేటనీరై బయటికి పోతుంది. లోపలికి వచ్చిన నీరు బయటికి పోవడానికి సగటున పదకొండు సంవత్సరాలకు పైగా పడుతుందని లెక్కకట్టారు.

ఈ సరస్సు అందాన్ని చూడడానికి ఏటా వేలాది యాత్రికులు వస్తారు. 1823లో "గియోమ్ టెల్" అనే ఆవిరిపడవ మొదటిసారిగా ఈ నీటిపై నడిచినది. నేటికీ ఇరవయ్యవ శతాబ్ది తొలిభాగంలో కట్టిన చక్రాల పడవలు కొన్ని రేవునుండి రేవుకు తిరుగుతూనే ఉన్నవి. అటువంటి పడవలో జినీవానుండి తూర్పుగా ప్రయాణించేవారికి కొండలు, కోటలు, ద్రాక్షతోటలు వరుసగా కనిపిస్తాయి. కాని ఈ తీరానికి మరొక ప్రత్యేకత ఉన్నది. ఇక్కడి ఒక్కొక్క రేవుతో విజ్ఞానశాస్త్ర చరిత్రలోని ఒక్కొక్క ఘట్టం ముడిపడి ఉన్నది.

జినీవా రేవులోని రెండు రాళ్ళు

జినీవా రేవులో యాత్రికుల దృష్టిని మొదట ఆకర్షించేది ఆకాశంలోకి ఎగజిమ్మే నీటిధార. 1886లో నగరంలోని జలశక్తి కేంద్రంలో గొట్టాలమీద పడే అధిక పీడనాన్ని తగ్గించడానికి నీటిని పైకి వదిలేవారు. ఆ అవసరమే తరువాత వేడుక అయినది. 1891లో ధారను సరస్సులోకి మార్చారు. 1951నుండి అది 140 మీటర్ల ఎత్తుకు లేస్తున్నది. అంత ఎత్తుకు చేరవలెనంటే నీరు గొట్టపు మూతినుండి సెకనుకు 52 మీటర్ల కంటె ఎక్కువ వేగంతో వెలువడవలె. పైకి విసరిన వస్తువును గురించిన సూత్రం తెలిసిన విద్యార్థి ఎవరైనా ఈ లెక్క చేసి చూడవచ్చును.

ఈ ధారకు సమీపంలోనే నీటిలోనుండి రెండు పెద్ద నల్లరాతి గుండ్లు పైకి కనిపిస్తాయి. వీటిని నీతోన్ రాళ్ళు అంటారు. చూపరులు వీటిని అంతగా పట్టించుకోరు. కాని స్విట్జర్లాండు దేశంలోని ప్రతి కొండ ఎత్తు, ప్రతి రైలు స్టేషను ఎత్తు ఈ రాళ్ళలో ఒకదానిమీది గుర్తునుండి కొలిచినదే. స్విట్జర్లాండుకు సముద్రతీరం లేదు. అందుచేత 1845, 1865 సంవత్సరాల మధ్య దేశపటాన్ని ప్రకటించిన దుఫూర్ సేనాని ఈ రాతిని ఆధారంగా తీసుకొన్నాడు. అప్పటి లెక్కలో దాని ఎత్తు 376.86 మీటర్లు. తరువాత మరింత నికరమైన కొలతలు జరిగి, 1902లో ఆ ఎత్తును 373.60 మీటర్లుగా దిద్దుకొన్నారు. ఆ ఒక్క సవరణతో పటాలలో దేశమంతటి పర్వతాలు మూడు మీటర్లకు పైగా తగ్గిపోయినవి. నిజానికి ఏ కొండా కదలలేదు, కొలత మాత్రమే మారినది.

ఈ రాళ్ళు మరొక ప్రశ్నను కూడ లేవదీస్తాయి. ఇవి ఈ ప్రాంతపు రాళ్ళు కావు. ఎక్కడో ఎత్తయిన ఆల్ప్సు కొండలలో ఉండవలసిన జాతి రాళ్ళు ఇక్కడికి ఎట్లా చేరినవి? ఈ ప్రశ్నకు సమాధానం సరస్సు తూర్పు కొసన లభించినది. ఆ కథ ముందు వస్తుంది.

నీటి అడుగున మ్రోగిన గంట

జినీవా దాటి కొంత దూరం పోయిన తరువాత ఉత్తర తీరాన రోల్ అనే ఊరు, దక్షిణ తీరాన తొనాన్ అనే ఊరు ఎదురెదురుగా ఉంటాయి. 1826 నవంబరులో జినీవా వాసులైన కొలదాన్, స్టుర్మ్ అనే ఇద్దరు యువకులు ఈ రెండు ఊళ్ళ నడుమ ఒక ప్రయోగం చేశారు. అప్పటికి ఇద్దరికీ ఇరవయ్యైదేళ్ళు దాటలేదు. నీటిలో ధ్వని ఎంత వేగంతో ప్రయాణిస్తుందో తెలుసుకోవడం వారి ఉద్దేశం.

ఒక పడవనుండి నీటిలోకి గంటను వేలాడదీశారు. గంటను కొట్టే సుత్తికి ఒక మీట కట్టి, సుత్తి గంటకు తగిలిన క్షణంలోనే పడవపై మందుగుండు అంటుకొనేటట్లు ఏర్పాటు చేశారు. రెండవ పడవ 13,487 మీటర్ల దూరాన నిలిచినది. దానిలో కూర్చున్నవారు పొడవైన రేకుగొట్టం వెడల్పు కొసను నీటిలో ముంచి, సన్నని కొసను చెవికి ఆనించుకొన్నారు. రాత్రివేళ కనుక మందుగుండు వెలుగు స్పష్టంగా కనిపించేది. వెలుగు కనిపించిన క్షణంనుండి గంట వినిపించేవరకు గడియారంతో కాలం కొలిచారు. తొమ్మిదిన్నర సెకన్లకు కొంచెం తక్కువ. దూరాన్ని కాలంతో భాగించగా ధ్వనివేగం సెకనుకు 1,435 మీటర్లు అని తేలినది. అప్పుడు నీటి ఉష్ణోగ్రత సుమారు 8 డిగ్రీలు.

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నీటిలో దానికి నాలుగు రెట్లకు మించి పోతున్నదన్నమాట. ఆధునిక పరికరాలతో కొలిచిన విలువకు ఆనాటి ఫలితం ఎంతో సన్నిహితంగా ఉన్నది. ఈ పరిశోధనకు 1827లో పారిస్ విజ్ఞాన పరిషత్తు బహుమతి నిచ్చినది. తరువాతి కాలంలో సముద్రపు లోతులను ధ్వనితో కొలిచే పద్ధతులన్నిటికీ ఇటువంటి కొలతలే పునాది.

ఊగే సరస్సు

జినీవా ప్రజలకు చాలాకాలంగా ఒక వింత తెలుసు. గాలి లేని రోజున కూడ కొన్ని వేళల సరస్సు నీరు మెల్లగా ఒడ్డుపైకి పెరిగి, తిరిగి మెల్లగా దిగిపోతుంది. ఈ పోటుపాటులను వారు "సేష్" అనేవారు. 1730లోనే ఫాషియో ద దుయియే అనే ఆయన ఈ పేరుతో వాటిని వర్ణించాడు. 1841 అక్టోబరు 3వ తేదీన జినీవాలో నీరు దాదాపు 1.87 మీటర్ల మేర హెచ్చుతగ్గులు పొందినది. సముద్రపు పోటు చంద్రుని ఆకర్షణవల్ల వస్తుంది. మరి ఈ సరస్సును ఊపేదెవరు?

దీనికి సమాధానం వెదకినవాడు మోర్జ్ పట్టణవాసి అయిన ఫ్రాన్స్వా ఆల్ఫోన్స్ ఫోరెల్ (1841-1912). ఆయన వైద్యవిద్య చదివి, లోజాన్ విద్యాపీఠంలో శరీరశాస్త్రం బోధించాడు. 1869నుండి నీటిమట్టంలోని చిన్న మార్పులను ఓపికతో కొలవసాగాడు. ఒక ఒడ్డున నీరు పెరుగుతున్నప్పుడు ఎదుటి ఒడ్డున తగ్గుతున్నదని గ్రహించాడు. తొట్టిలో నీటిని ఊపి అదే విధమైన కదలికను పరిశీలించాడు. ఒక కొసన గాలి పీడనం హఠాత్తుగా మారినా, పెనుగాలి నీటిని ఒక ప్రక్కకు నెట్టినా, ఆ శక్తి తొలగిన తరువాత సరస్సంతా త్రాసుతట్టలవలె ఇటూ అటూ ఊగుతుంది. నడుమ భాగంలో నీటిమట్టం ఇంచుమించు మారదు. ఇదియే సేష్ రహస్యం.

ఈ ఊపు కాలానికి 1828లోనే బేసెల్ నగరవాసి మెరియన్ ఒక సూత్రం చెప్పి ఉన్నాడు. తొట్టి పొడవుకు రెండింతలు తీసుకొని, దానిని గురుత్వ త్వరణం, లోతు - ఈ రెంటి లబ్ధపు వర్గమూలంతో భాగిస్తే ఊపు కాలం వస్తుంది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపించవచ్చును. ఒక మీటరు పొడవుగల తొట్టిలో 10 సెంటీమీటర్ల లోతున నీరు పోసి, ఒక కొసను కొంచెం ఎత్తి దించవలె. నీరు ఒకసారి అటు పోయి ఇటు రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. నీటిని 5 సెంటీమీటర్లకు తగ్గిస్తే 2.9 సెకన్లు పడుతుంది. నీటి లోతు తగ్గినకొద్దీ ఊపు మందగిస్తుందని విద్యార్థులు తమ కళ్ళతో చూడగలరు.

లెమాన్‌కు 70 కిలోమీటర్ల పొడవు, 150 మీటర్ల సగటు లోతు తీసుకొంటే లెక్క ప్రకారం సుమారు 61 నిమిషాలు రావలె. కాని కొలిచి చూసినప్పుడు వచ్చినది దాదాపు 74 నిమిషాలు. సూత్రం తప్పు కాదు. తొట్టి అడుగు చదునుగా ఉంటుంది, సరస్సు అడుగు అట్లా ఉండదు. జినీవా వైపు భాగం ఇరుకై, లోతు చాలా తక్కువ. అక్కడ అల నెమ్మదిస్తుంది. అందుచేత మొత్తం ఊపు ఆలస్యమవుతుంది. పుస్తకంలోని సూత్రానికి, ప్రకృతికి మధ్య ఉండే తేడాకు ఇది మంచి ఉదాహరణ.

సరస్సులకు ఒక శాస్త్రం

ఫోరెల్ ఒక్క సేష్‌తో ఆగలేదు. 1869లో మోర్జ్ ఎదుట లోతునుండి తెచ్చిన బురదలో ప్రాణంతో ఉన్న పురుగు ఒకటి ఆయనకు కనిపించినది. చీకటిగా, చల్లగా ఉండే సరస్సు అడుగున కూడ జీవులున్నవని దానితో వెల్లడి అయినది. నీటి రంగును కొలవడానికి ఆయన ఒక చిన్న ఉపాయం కనిపెట్టాడు. నీలిరంగు మైలతుత్తం ద్రావణాన్ని, పసుపురంగు పొటాసియం క్రోమేటు ద్రావణాన్ని వేరువేరు పాళ్ళలో కలిపి, గాజు గొట్టాలలో వరుసగా ఉంచాడు. సరస్సు రంగు ఏ గొట్టంతో సరిపోతే అదే దాని అంకె. ఉలే అనే శాస్త్రజ్ఞుడు ఈ వరుసను పెంచాడు. ఫోరెల్-ఉలే మాపకం అనే పేరుతో అది నేటికీ సముద్రాలపై వాడుకలో ఉన్నది.

రోన్ నది సరస్సులో కలిసే చోట మట్టినీరు కొంతదూరం పోయి హఠాత్తుగా మాయమవుతుంది. చల్లగా, మట్టితో బరువుగా ఉన్న ఆ నీరు తేటనీటి క్రిందికి దిగి, అడుగున మరొక నదివలె పారుతుందని ఫోరెల్ వివరించాడు. సరస్సు అడుగున ఆ ప్రవాహానికి ఒక లోతైన కాలువ ఉన్నట్లు అప్పటి కొలతలలో తేలినది. ఇట్లా నీరు, మట్టి, వెలుతురు, వేడి, జీవులు అన్నిటినీ కలిపి చూసే ఈ కొత్త చదువుకు ఆయన "లిమ్నాలజీ", అనగా సరోవర శాస్త్రం, అని పేరు పెట్టాడు. "లెమాన్" అనే ఆయన గ్రంథం 1892, 1895, 1904 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడినది. ఒక్క సరస్సును ఇంత సమగ్రంగా పరిశీలించిన గ్రంథం అంతకు పూర్వం లేదు.

ద్రాక్షతోటలు, కోట, వేసవి లేని సంవత్సరం

లోజాన్ నగరం దాటిన తరువాత లావో ద్రాక్షతోటలు మొదలవుతాయి. నిట్టనిలువుగా ఉన్న కొండవాలును మెట్లుమెట్లుగా చదును చేసి, రాతిగోడలు కట్టి, పన్నెండవ శతాబ్దిలో క్రైస్తవ సన్యాసులు సాగు ప్రారంభించారు. ఈ తోటలకు ముగ్గురు సూర్యులని అక్కడి రైతులు చెప్పుకొంటారు. ఆకాశంలోని సూర్యుడొకడు, సరస్సు నీటిలో ప్రతిఫలించేవాడొకడు, పగలంతా వేడిని దాచుకొని రాత్రి వదిలే రాతిగోడ మూడవవాడు. ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ 2007లో ఈ ప్రదేశాన్ని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినది.

ఇంకా తూర్పున మోంత్రో పట్టణం దాటగానే, నీటిలోనుండి లేచిన బండపై షియాన్ కోట కనిపిస్తుంది. ఇది సవోయ్ ప్రభువుల కోట. మత రాజకీయ సంఘర్షణలలో పట్టుబడిన బోనివార్ అనే జినీవావాసి దీని నేలమాళిగలో బందీగా ఉండి, 1536లో బెర్న్ సైన్యం కోటను పట్టుకొన్నప్పుడు విడుదల అయినాడు. ఆంగ్లకవి బైరన్ 1816లో ఈ కోటను చూసి, ఆ బందీ పేరిట కావ్యం రచించాడు.

ఆ సంవత్సరం ఐరోపాలో వేసవి సరిగా రాలేదు. చలి, ఎడతెగని వానలు పంటలను నాశనం చేసినవి. స్విట్జర్లాండులో కరవు వచ్చినది. వానలవల్ల ఇంటిలోనే ఉండిపోయిన బైరన్ మిత్రబృందం భూతాల కథలు చెప్పుకొన్నారు. మేరీ షెల్లీ రాసిన "ఫ్రాంకెన్‌స్టైన్" నవలకు బీజం అక్కడే పడినది. వానకు కారణం ఆనాడు ఎవరికీ తెలియదు. 1815 ఏప్రిల్‌లో ఇండొనీషియా దీవులలోని తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆకాశంలో ఎంతో ఎత్తుకు ఎగసిన గంధకపు పొగలు భూమిపై పడే ఎండను తగ్గించినవని తరువాత తేలినది.

నమ్మరాని అల

సరస్సు తూర్పు కొసకు సంబంధించిన ఒక పాత వార్త చరిత్రకారులను చాలాకాలం తికమకపెట్టినది. క్రీ. శ. 563లో రోన్ లోయలో తోరెదునుం అనే చోట కొండ విరిగిపడినదనీ, సరస్సు ఉప్పొంగి తీరగ్రామాలను మనుషులతో, పశువులతో సహా తుడిచిపెట్టినదనీ, జినీవాలో వంతెనను, తిరగలి మిల్లులను కొట్టివేసినదనీ అవాంష్ బిషప్పు మారియుస్ తన వృత్తాంతంలో వ్రాశాడు. తూర్ నగరపు గ్రెగరీ కూడ ఈ ఉపద్రవాన్ని పేర్కొన్నాడు. కొండ విరిగినది సరస్సుకు దూరాన లోయలో అయితే, జినీవాను ముంచేంత అల ఎట్లా వచ్చినది?

జినీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు సరస్సు అడుగు పొరలను ధ్వనితరంగాలతో పరీక్షించి, మట్టి నమూనాలు తీసి, 2012లో సమాధానం ప్రకటించారు. అడుగున సుమారు 10 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పు, సగటున 5 మీటర్ల మందం గల ఒక మట్టిపొర ఒక్కసారిగా పేరుకొన్నట్లు కనిపించినది. దాని వయసు ఆరవ శతాబ్దితో సరిపోయినది. కొండ విరిగిపడిన తాకిడికి నది ముఖద్వారాన పేరుకొన్న మెత్తని మట్టి కూలి లోతులోకి జారినది. అది నీటిని నెట్టగా అల లేచినది. లెక్కప్రకారం ఆ అల లోజాన్ వద్ద 13 మీటర్లు, జినీవా వద్ద 8 మీటర్లు ఎత్తు ఉండవలె. బిషప్పు వ్రాసినది అతిశయోక్తి కాదు.

రోన్ నది నేటికీ అదే చోట మట్టిని పోస్తున్నది. అటువంటి అల మళ్ళీ రావచ్చునని పరిశోధకులు హెచ్చరించారు. తీరాన నేడు ఆనాటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ జనం ఉన్నారు.

మంచు మోసిన రాళ్ళు

సరస్సు దాటి రోన్ లోయలో కొంతదూరం పోతే బే అనే ఊరు వస్తుంది. అక్కడి ఉప్పుగనులను నేటికీ యాత్రికులు చూస్తారు. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగంలో ఆ గనుల అధికారి జాన్ ద షార్పాంత్యే. 1815లో పెరోదాన్ అనే కొండజాతి వేటగాడు ఆయనతో ఒక మాట అన్నాడు: పూర్వం హిమానీనదాలు ఇంతకంటె ఎంతో దూరం వ్యాపించి ఉండేవి, లోయలోని పెద్దగుండ్లను మోసుకొచ్చినది అవే. షార్పాంత్యే దానిని నమ్మలేదు. తరువాత వెనెట్స్ అనే ఇంజనీరు ఎన్నో ఆనవాళ్ళను చూపి, 1829లో అదే మాటను శాస్త్రజ్ఞుల సభలో చెప్పాడు. అతని మాట తప్పని నిరూపించబోయి, షార్పాంత్యే తానే ఒప్పుకోవలసి వచ్చినది.

1836 వేసవిలో అగాసీ అనే యువశాస్త్రజ్ఞుడు బే వచ్చాడు. ఆయనకూ ఈ సిద్ధాంతంపై నమ్మకం లేదు. లోయలో గీతలుపడిన బండలను, హిమానీనదాలు ఒడ్డున వదిలిన రాతిగుట్టలను షార్పాంత్యేతో కలిసి చూసిన తరువాత ఆయన అభిప్రాయం మారినది. మరుసటి ఏడు ఆయన హిమయుగాన్ని గురించి చేసిన ప్రసంగం గొప్ప వాదోపవాదాలను రేపినది. జినీవా రేవులోని రాళ్ళను మోసినది మంచే. లెమాన్ పల్లాన్ని ఇంత లోతుగా తొలిచినదీ ఆ మంచే. ఒక వేటగాడి పరిశీలన రెండు దశాబ్దాల తరువాత భూగర్భశాస్త్రంలో స్థానం సంపాదించినది.

లోతున ఊపిరి

1964లో లోజాన్‌లో జరిగిన జాతీయ ప్రదర్శనలో జాక్ పికార్ నిర్మించిన జలాంతర్గామి ఒకటి సామాన్య ప్రజలను సరస్సు అడుగుకు తీసుకొనిపోయినది. ఒకసారికి 40 మంది చొప్పున సుమారు 33,000 మంది ప్రయాణం చేశారు. ఆ రోజులలోనే సరస్సుకు ఒక వ్యాధి సోకుతున్నది. ఊళ్ళ మురుగునీరు, బట్టలుతికే పొడులు, పొలాల ఎరువులు - వీటిలోని భాస్వరం నీటిలో చేరి నాచును విపరీతంగా పెంచినది. ఆ నాచు చచ్చి అడుగున కుళ్ళేటప్పుడు నీటిలోని ఆమ్లజని ఖర్చు అయిపోతుంది. 1970 దశకం చివరికి భాస్వరం లీటరుకు 90 మైక్రోగ్రాములకు చేరినది.

రెండు దేశాలూ 1962లో ఒప్పందం చేసుకొని సంయుక్త సంఘాన్ని ఏర్పాటు చేసినవి. మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రాలు కట్టారు. బట్టలుతికే పొడులలో ఫాస్ఫేటులను స్విట్జర్లాండు 1986లో నిషేధించినది. భాస్వరం క్రమంగా 20 మైక్రోగ్రాములకు లోపుగా తగ్గినది.

కాని మరొక చిక్కు వచ్చినది. అడుగునీటికి ఆమ్లజని అందవలెనంటే, శీతకాలంలో పైనీరు బాగా చల్లబడి, బరువెక్కి, క్రిందికి దిగి మొత్తం సరస్సు ఒకసారి కలవవలె. అదియే సరస్సు పీల్చే ఊపిరి. చలికాలాలు వెచ్చబడుతున్నకొద్దీ అది అరుదవుతున్నది. 2012 శీతకాలం తరువాత పది సంవత్సరాలకు పైగా లెమాన్ అడుగువరకు పూర్తిగా కలవలేదు. భాస్వరాన్ని రెండు దేశాలు కలిసి తగ్గించగలిగినవి. చలిని తిరిగి తెప్పించడం ఆ రెండు దేశాల చేతిలో మాత్రమే లేదు. ఈ సరస్సు నీటిని లక్షలాది ప్రజలు త్రాగుతున్నారు. అందుచేత ఫోరెల్ మొదలుపెట్టిన కొలతలు నేటికీ ఆగలేదు. నియమిత కాలాలలో పడవలు సరస్సు నడుమకు పోయి, 310 మీటర్ల లోతునుండి నీటిని తెచ్చి, దానిలో ఆమ్లజని ఎంత మిగిలినదో చూస్తున్నవి.